మానుడు సంచి

వైశాఖ శుద్ధ విదియ

పదో తరగతి పరీక్షల తర్వాత నేను పెన్నుతో రాసింది నరసింహస్వామి నామం ఒక్కటే. ఈ పుస్తకం కూడా నామకోటి పుస్తకమే. కాగితం నిండా చిన్న చిన్న గళ్ళు, గడికొక నామం. ఈ రోజు గళ్ళను పట్టించుకోకుండా వాటి మీదుగా రాస్తున్నాను. స్వామి మన్నించాలి. పొద్దున సంచుల గదిలో చూసింది చెబుదామని గుహకు పెద్దయిన మద్దిలేటి గడప దాకా పోయి, నోట మాట రాక తిరిగొచ్చాను. ఓబుళమ్మ మాట ఓబుళమ్మకే వినపడదని ఊళ్ళో నా మీద వేళాకోళం. భయం వేస్తే ఆ కాస్త గొంతు కూడా ఉండదు. ఇక రాయక తప్పదనిపించింది.

చూసింది ఇది. నిన్న వేరువేరు కొక్కేలకు తగిలించిన రెండు కొత్త సంచులు ఈ పొద్దుటికి ఒకటయ్యాయి. తడికి అంటుకోవడం కాదు. ఒకదాని పట్టీ రెండోదాని అడుగులోకి పోయి కలిసిపోయింది. ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ రెండోది మొదలైందో వేలితో తడిమినా తెలియలేదు.

సంచుల గది నా బాధ్యత. గుహలోకి దిగేవాళ్ళకు సంచులు ఎంచడం, వచ్చాక కడిగి ఆరబెట్టడం, దిగే ముందు స్వామికి నైవేద్యం పెట్టిన పానకాన్ని చేత్తో సంచులకు పూసి పంపడం. పైన ఎండకు బతకలేక మా పెద్దలు ఈ గుహ ముఖంలోకి వచ్చి చేరిన నాటి నుంచి ఉన్న ఆచారం అది. పానకం పూయని సంచిని మా ఊళ్ళో ఎవరూ భుజానికెత్తరు. మిగిలిన పానకం స్వామి పాదాల దగ్గర పోస్తే రాతి పగులులోంచి లోపలికి జారిపోతుంది. స్వామి తాగుతున్నాడని సంతోషిస్తాం.

మా నీళ్ళు గుహ అడుగున ఊరే బుగ్గ నుంచి వస్తాయి. అక్కడి పంపులో వడపోత దిమ్మలు ఎప్పటికప్పుడు మార్చకపోతే నీళ్ళు చేదెక్కుతాయి. పోయినసారి దిగినప్పుడు ఊపిరిసందు అనే ఇరుకులో పాత కాన్వాసు సంచి అడుగు చిరిగి దిమ్మలన్నీ రాతి పగుళ్ళలోకి జారిపోయాయి. ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఇప్పుడు పిల్లలు నీళ్ళు తాగి కక్కుకుంటున్నారు.

గట్టి సంచి కావాలని అడిగితే గుడ్డలు నేసే మిల్లువాళ్ళు తీగ మీద వచ్చే బండిలో మూడు రకాలు పంపారు. మొదటిది రబ్బరు పూసిన గుడ్డ. రాతి మీద ఈడ్చి చూస్తే అడుగు అతుకు ఊడింది. రెండోదానికి అన్నీ జేబులే, బకిళ్ళే. ఇరుకులో ప్రతి రాయీ దాన్ని పట్టుకుంటుంది. మూడోది దిండులా పొడుగ్గా, నున్నగా, జేబులు లేకుండా ఉంది. అడుగున నీళ్ళు కారిపోవడానికి కన్నాలు, పైన లాగడానికి ఒక పట్టీ. చిరిగితే గాయం మానినట్టు తనంతట తానే మానుతుంది. అది బతికున్న గుడ్డ అని మిల్లు మనిషి చెప్పాడు. మా వాళ్ళు దానికి మానుడు సంచి అని పేరు పెట్టారు. ఎంచింది నేనే, వచ్చిన రోజే ఆచారం ప్రకారం పానకం పూసిందీ నేనే.

శుద్ధ చవితి

ఖాసీం పీరా అన్నను పిలిచాను. కాన్వాసు దొరికినన్నాళ్ళు ఊరి సంచులన్నీ కుట్టినవాడు ఆయనే. ఇప్పుడు గుడ్డ లేక చేతులు ముడుచుకుని ఆకు, వక్క నములుతూ కూర్చుంటున్నాడు. కలిసిపోయిన సంచుల మధ్య కత్తి పెట్టి కోశాడు. రెండో వైపు కోసేలోపు మొదటి వైపు కోత మూసుకుంది. చివరికి నేను మధ్యలో పప్పుగుత్తి అడ్డం పెడితే, ఆయన కోసుకుంటూ వచ్చాడు. అట్లా విడిపోయాయి.

"ఓబుళమ్మా, ఇది సంచి గాదు తల్లీ, మొండి మొగుడు. పో అంటే పోడు."

"నగు అన్నా, నువ్వు నగు. నాకు భయమైతాండాది."

ఆయన నవ్వు ఆపాడు. "నాకూ నగు రాలేదులే. ఊపిరిసందు గుర్తొచ్చింది."

ఊపిరిసందు బుగ్గకు పోయే దారిలో అన్నిటికన్నా ఇరుకు. ఊపిరి బయటికి వదిలితే గానీ రొమ్ము పట్టదు. అక్కడ సంచిని వీపు మీద నుంచి తీసి, తాడుతో చీలమండకు కట్టుకుని, పొట్ట మీద పాకుతూ వెనక ఈడ్చుకుపోవాలి. సంచి ఎక్కడైనా ఇరుక్కుంటే తాడు కోసేసి మనిషి బయటపడాలి. పిల్లలకు నడక కన్నా ముందు నేర్పే మాట అది. మానుడు సంచికి తాడు కూడా ఆ గుడ్డతో పేనిందే.

"తెగనిదాన్ని కాలికి కట్టుకుని ఆ సందులోకి ఎట్ల పోతారు తల్లీ?" అన్నాడు ఖాసీమన్న.

నా కూతురు చెంచులక్ష్మి ఈసారి దిగుతోంది. ఆ మాట ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. 

శుద్ధ షష్ఠి

ఈ రోజు చెంచు, మద్దిలేటి ఇద్దరూ సంచులు అలవాటు కావాలని ఊపిరిసందు దాకా పోయి వచ్చారు. దిగేవాళ్ళను ముందుండి నడిపేది మద్దిలేటే. చెంచు తలదీపం తీసి నా దగ్గరికొచ్చింది గానీ సంచి దించలేదు.

"మా, పట్టీ మెల్లగా తియ్యి. గుంజొద్దు, మండుతాది."

"ఏమైంది?"

"ఏం గాలేదు. భుజానికి రాయి గీసుకున్నాది. పట్టీ ఆడ పట్టుకున్నాది, అంతే."

రవిక పక్కకు జరిపి చూశాను. పట్టీ అంచు దాని భుజంలోకి దిగి ఉంది. గోరువెచ్చని నూనె పోస్తూ, నామం చెప్పుకుంటూ, గోటితో కొంచెం కొంచెంగా విడదీశాను. కింద గాయం లేదు. నెత్తురు లేదు. పచ్చిది కాదు, పక్కు కట్టినదీ కాదు. తోలు నున్నగా మూసుకుని ఉంది. కానీ దాని మీద నేత గీతలు కనిపిస్తున్నాయి, పడుగూ పేకా.

"సూడు, సంచీ అదే, మందూ అదే. ఆసుపత్రి ఖర్చు లేదు," అని చెంచు నవ్వింది. నేను నవ్వలేదని చూసి గొంతు తగ్గించింది. "ఏందిమా, అట్ల సూస్తావు?"

"నొప్పుందా?"

"లేదు. అసలు ఆడ ఏమీ తెలీడంలేదు. గిల్లినా తెలీదు."

తర్వాత అన్నం తింటూ మామూలుగా ఇంకో మాట అంది. "ఊపిరిసందులో పైనుంచి సన్నగా కారుతాంటాది మా. బెల్లం వాసన. మన పానకమే ఆడికి దిగుతాదేమో."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

శుద్ధ దశమి

ఎందుకో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

మానుడు గుడ్డను ఇంకా చాలా ఊళ్ళు వాడుతున్నాయి. ఎక్కడా రెండు సంచులు కలిసిపోలేదట, ఎవరి భుజానికీ పట్టలేదట. మిల్లు మనిషి మాట అది, మద్దిలేటి దాన్ని పట్టుకుని నాకు ధైర్యం చెప్పాడు. మరి మా దగ్గరే ఎందుకు? మేం చేసేది, వాళ్ళు చేయనిది ఏమిటి? ఆ ప్రశ్న నాలోనే తిరిగింది.

నిన్న సంచి అంచు నుంచి రెండు ముక్కలు కోసి, ఒకటి నీళ్ళ గిన్నెలో, ఒకటి మిగిలిన పానకంలో వేసి పెట్టాను. పొద్దున చూస్తే నీళ్ళ ముక్క వేసినట్టే ఉంది. పానకంలో చుక్క మిగల్లేదు. ముక్క గిన్నె అంచు దాటి, కిందికి దిగి, గోనెపట్టాలోకి అల్లుకుపోయింది. గోనె ఎప్పటిదో, చిరుగుల పట్టా. ఆ చిరుగులన్నీ మానిపోయి ఉన్నాయి.

దానికి తన చిరుగేదో, ఇతరుల చిరుగేదో తెలియదు. ఆకలి తీరాక ఎదురుగా తెగినది ఏది కనిపించినా మూస్తుంది. దాని ఆకలి ఇన్నాళ్ళుగా తీరుస్తున్నది ఈ చేతులే. చేతులు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూశాను. బెల్లం, యాలకులు.

ఖాసీమన్నను పిలిపించాను. ఆకుకు సున్నం రాసుకుంటూ వచ్చాడు. గోనె నుంచి ముక్కను పీకబోయాడు. ఆయన వేలికున్న సున్నం తగిలిన చోట గుడ్డ తెల్లబడింది. కాసేపటికి ఎండిన అప్పడంలా విరిగింది. పక్కన పానకం చుక్క వేసి చూశాం. ఇక పెరగలేదు.

"చచ్చింది," అన్నాడు ఆయన, నమ్మలేనట్టు వేలు చూసుకుంటూ.

శుద్ధ ఏకాదశి

ఉపవాసం. పూజ అయ్యాక ధైర్యం తెచ్చుకుని మద్దిలేటి దగ్గరికి పోయాను. ఈసారి గడప దాటాను. ఆయన భార్య చేదునీళ్ళతో కాచిన జావ వడగడుతోంది. లోపల వాళ్ళ మనవరాలు వాంతి చేసుకుంటున్న చప్పుడు.

గోనెముక్క చూపించి, పానకం సంగతి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు, మర్యాదస్తుడు. అంతా విని అన్నాడు:

"ఓబుళక్కా, స్వామి పానకాన్ని తప్పు పడతాండావా? ఇంకెవరన్నా అంటే సరే. నువ్వా?"

"స్వామిని కాదు తమ్ముడూ. ఆ గుడ్డను."

"పానకం పూయకుండా ఒక్కడు దిగడు. నేనే దిగను. జయంతి నాడు దిగాలని అందరికీ మాట ఇచ్చినా. దిమ్మలు మారకపోతే ఈ పిల్ల గతేంది? నువ్వే చెప్పు, ఆపమంటావా?"

పిల్ల మళ్ళీ వాంతి చేసుకుంది.  దిగాలి. ఆ సంచులే ఉన్నాయి, వాటితోనే దిగాలి.

శుద్ధ త్రయోదశి

రేపు నరసింహ జయంతి. గది తలుపు గడియ పెట్టుకుని ఖాసీమన్న ఇచ్చిన సున్నం రెండు సంచుల చీలమండ తాళ్ళకు, భుజం పట్టీల మొదళ్ళకు పైపైన పల్చగా రాశాను, లాగే బలం పోకుండా. సంచి గట్టిగానే ఉండాలి, తాడు మాత్రం తెగాలి. నూలు తాడు కడితే గోనెలాగే దాన్నీ అల్లుకుపోతుంది. రాస్తున్నంతసేపు గుడ్డ చల్లగా వేళ్ళ కింద ముడుచుకుంది. ప్రాణమున్నదాన్ని చంపుతున్నాననిపించి చేయి ఆగింది. చెంచు భుజం మీది గీతలు తలచుకుని మళ్ళీ రాశాను.

రేపు పానకం పూసినట్టే పూసి, తాళ్ళకు తగలనివ్వను. అది అబద్ధమే. స్వామికి పెట్టేది మాత్రం నిజంగానే పెడతాను.

శుద్ధ చతుర్దశి, జయంతి

వాళ్ళు దిగారు. 

నేను అనుకోనిది ఒకటి జరిగింది. దిగే ప్రతిసారీ పానకం పూయడంతో సరి. ఈ రోజు పండుగ కాబట్టి మద్దిలేటి పసుపు ముద్ద తెచ్చి తానే సంచులకు రాశాడు. పసుపు తగలగానే తాళ్ళు ఎర్రబడ్డాయి. పట్టీలు ఎర్రబడ్డాయి. పసుపు, సున్నం కలిస్తే ఎర్రనౌతుందని హారతి పళ్ళెం కలిపిన ఏ ఆడదానికైనా తెలుసు. కానీ సంచికి సున్నం ఎవరు రాస్తారు? ఎవరికీ తట్టలేదు.

"నెత్తురు!" అని ఎవరో అరిచారు.

"నెత్తురు కాదు, సున్నం," అన్నాను. పక్కనున్న ఆమెకు కూడా వినపడలేదు. మళ్ళీ అన్నాను. అప్పటికే గోల.

మద్దిలేటి ముఖంలో రంగు లేదు. "ఈ గుర్తుతో నేను దిగను," అని పానకం బిందె ఎత్తి తన సంచి మీద మొత్తం కుమ్మరించాడు. తాడును ఇంకో బిందెలో ముంచి, పిండి, మళ్ళీ ముంచి, ఎరుపు పోయేదాకా కడిగాడు. చూస్తుండగానే లోపలి పోగులు బతికి తాడు నిగనిగలాడింది.

చెంచు సంచి కూడా కడగమని నలుగురు పట్టుబట్టారు. చెంచు నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపాను, అంతే.

"మా అమ్మ పూసింది నాకు సాలు," అంది అందరికీ వినపడేటట్టు. దాని గొంతు వాళ్ళ నాన్నది.

కౌగిలించుకునే వంకతో ఖాసీమన్న సున్నపు డబ్బా దాని నడుముకు దోపాను. "తాడు తెగకపోతే ఇది రాయి. తెల్లబడేదాకా ఆగి కొయ్యి. మద్దిలేటి తాడుకు కూడా."

"ఆయన ఒప్పుకోడు మా."

"సందులో ఒప్పుకుంటాడు."

పౌర్ణమి

వచ్చారు. ఇద్దరూ వచ్చారు. స్వామీ, ఇద్దరూ వచ్చారు.

దిమ్మలు మారాయి. నీళ్ళలో చేదు విరిగింది. మద్దిలేటిని ఖాసీమన్న భుజాల మీద వేసుకుని ఇంటికి చేర్చాడు. చెంచు నా ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది, ఆగి ఆగి.

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగి వస్తూ ఊపిరిసందులో చెంచు ముందు, మద్దిలేటి వెనక. పోయినసారి చిరిగిన కాన్వాసు పీలిక అక్కడ రాతి పగులులో ఇరుక్కుని ఉందట. పైనుంచి పానకం కారుతున్న చోటే. పండుగ కదా, ఊరంతా బిందెలు పోసింది. మద్దిలేటి సంచి ఆ పీలిక పక్కగా వచ్చి, ఆగి, దాన్ని పట్టుకుంది.

"చిన్నమ్మీ, నా కాలెవురో పట్టుకున్నారు," అన్నాడట.

"సంచి మామా. తాడు కొయ్యి."

కోశాడు. మూసుకుంది. మళ్ళీ కోశాడు. కాలు పక్కకు మడిచి, అందినంత చేయి చాపి కోస్తుంటే కత్తి చీలమండకు తగిలి నెత్తురొచ్చింది. నెత్తురొచ్చాక తాడు కత్తిని వదిలి కాలి గాయం లోపలికి పోయింది. ఊపిరి వదిలితే గానీ పట్టని చోట మనిషి అరిస్తే ఏమౌతుంది? రొమ్ము బిగుసుకుపోయింది. ఇక అరుపు కూడా లేదట.

చెంచు వెనక్కి తిరగడానికి చోటు లేదు. ఖాళీగా ఉన్న తన సంచిని ముందుకు లాక్కుని వెనక్కే పాకింది, కాళ్ళతో ఆయన తల తడుముకుంటూ. సున్నపు డబ్బా కాలివేళ్ళతో ఆయన చేతికి తోసింది.

"మామా, తాడుకి రాయి. ఊపిరి బిగబట్టి రాయి. స్వామి నామం అనుకో. మాట్లాడొద్దు."

ఆయన రాశాడు. తెల్లబడిందో లేదో చూడడానికి దీపం అటు తిరగదు. నామం అనుకుంటూ ఆగాడట. తర్వాత కాలు గుంజితే తాడు విరిగింది, కోయనక్కర లేకుండానే. చీలమండ తోలు కొంత దానితో పోయింది.

చెంచు ఇంత చెప్పి పడుకుంటుందనుకున్నాను. పడుకోలేదు.

"మా, బయటికొచ్చి దీపం తిప్పి సూసినా. సంచి సంచి మాదిరి లేదు. నోరు తెరుచుకుని అంచులు రెండు పక్కల గోడలకీ పాకి ఉండాయి. సందును కుట్టుకుంటా ఉన్నట్టుండాది."

చెంచు పడుకున్నాక కూడా నేను కూర్చునే ఉన్నాను. ఆ సంచికి ఊపిరిసందు దారి కాదు. చిరుగు. రాతిలో తెగిన చోటు. మాన్పేస్తుంది. నీళ్ళకు మాకు వేరే దారి లేదు.

బహుళ పాడ్యమి

పొద్దున్నే ఆడవాళ్ళంతా పానకం బిందెలతో స్వామి ముందు చేరారు. ఇద్దరూ క్షేమంగా వచ్చినందుకు మొక్కు. ముందు వరుసలో మద్దిలేటి భార్య. బిందె వంచబోతోంది.

అడ్డం పోయి నిలబడ్డాను. నిజం చెప్పాలనుకున్నాను. గుడ్డ, ఆకలి, పగులు, సందు. ఏకాదశి నాడు అదే నిజం చెప్తే ఏమైందో గుర్తొచ్చింది. అప్పుడు నా నోటి నుంచి నాకే తెలియని గొంతు వచ్చింది.

"ఆపండి! స్వామి నాకు కలలో వచ్చినాడు!"

బిందె ఆగింది. నా మాట ఊరంతా వినడం నా బతుకులో అదే మొదలు.

"స్వామి గొంతు మండుతాండాదంట. మీ పానకం నాకు చాలు, ఇంక వద్దన్నాడు. వడపప్పు పెట్టమన్నాడు. ఈ పగులులో సున్నపు తేట పోసి నా గుహ చల్లబర్చమన్నాడు."

మద్దిలేటిని మంచం మీద తెచ్చారు. కాలికి కట్టు. నన్ను చాలాసేపు చూశాడు. ఆయనకు సున్నం సంగతి తెలుసు, తన చేత్తోనే రాసుకున్నాడు. నేను తల దించుకున్నాను.

"అక్క చెప్పినట్టు చెయ్యండి," అన్నాడు.

సాయంత్రం దాకా సున్నపు తేట పోశారు. రాయి గుటగుటమని తాగింది. కింద అది ఎక్కడ దాకా పోయిందో, ఆ సంచికి చేరిందో లేదో మాకు తెలియదు. దిమ్మలు అరిగేలోపు చెంచు మళ్ళీ దిగాలి. అప్పటికి సందు తెరిచి ఉంటే దారి, లేకపోతే లేదు. పగులు దగ్గర చెవి పెట్టి విన్నాను. చుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వినిపించినంత కాలం దారి ఉన్నట్టేనని మనసుకు చెప్పుకుంటున్నాను.

మిగిలిన ఒక్క మానుడు సంచిని సున్నంలో ముంచి పాతిపెట్టాం. ఖాసీమన్న గుహ ముఖానికి కట్టిన, ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టనివ్వని ఎండతెర ఒకటి దించి చెంచుకు సంచి కుడుతున్నాడు. రెండు పొరలు, అడుగున గుండ్రం, జేబులు లేవు. తాడు మామూలు నూలు.

"ఇది ఎన్నాళ్ళొస్తాది అన్నా?" అని అడిగాను.

"చిరుగుతాది తల్లీ," అన్నాడు దారం కొరుకుతూ. "నేను మళ్ళీ కుడతా."

చెంచూ, ఈ కాగితాలు నీకే. స్వామి పేరున అబద్ధం ఆడాను, దానికి ఆయన నన్ను ఏమన్నా సరే. కానీ అది అబద్ధమని తెలిసిన రోజున బిందెలు మళ్ళీ వస్తాయి. అందుకే మొదటి పేజీలూ చివరి పేజీలూ నామాలతో నింపాను. తెరిచినవాళ్ళకు నామకోటి పుస్తకమే కనిపిస్తుంది. నా తర్వాత సంచుల గది తాళం నీ చేతికి వస్తుంది, ఇదీ దానితోపాటు ఉండనీ. చింపొద్దు, కాల్చొద్దు. దాచు. ఎవరికీ చూపించకు.